సువార్తలు ఎక్కడ మొదలెట్టాలంటే

విశాఖపట్నం,
ఆదివారం సాయంత్రం

ఒరే మావా,

నీ ఉత్తరం అందింది. చెల్లెమ్మ, పిల్లలు కులాసా అన్నావు, సంతోషం. ఉద్యోగం సంగతి ఇంకా ఏమీ తేలలేదన్నావు. ఆ మాట దగ్గరకి తర్వాత వస్తాను. బైబిల్లో యేసు కథ చెప్పే నాలుగు సువార్తలు, మత్తయి, మార్కు, లూకా, యోహాను, ఎక్కణ్ణించి మొదలెట్టి ఎలా చదవాలని అడిగావు కదా, ముందు దానికి జవాబు చెప్పనీ.

మత్తయి సువార్త తెరిచి, "అబ్రాహాము ఇస్సాకును కనెను" అని మొదలెట్టి, ఆ పేర్లన్నీ అయ్యేలోపే విసుగొచ్చి మూసేశానని రాశావు. చాలామంది సరిగ్గా అక్కడే జారిపోతారు. కొత్త నిబంధనలో మొదటి పుస్తకం అదే కాబట్టి చదవడం కూడా అక్కణ్ణించే అనుకుంటారు. ఆ వంశావళి యూదులకి ఇంట్లో మాట, మనకి మొదటిసారి చదివితే ఏమీ ఒంటబట్టదు. ఎప్పుడో తిరిగొచ్చి చూస్తే ఆ మగవాళ్ళ పేర్ల మధ్య తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య కనబడతారు. ఆ నలుగురి కథలూ తెలిశాక ఆ పేజీ చదవడమే వేరుగా ఉంటుంది. ఇప్పటికి మాత్రం వదిలెయ్.

మార్కుతో మొదలెట్టు. నాలుగింటిలో అదే చిన్నది, 16 అధ్యాయాలు. పైకి చదివితే గంటన్నర, మహా అయితే రెండు గంటలు. రెండుసార్లు కూర్చుంటే అయిపోతుంది. రోజుకి అయిదు వచనాల లెక్కన చదివితే మాత్రం మార్కు చచ్చిపోతాడు. ఆయనది పరుగు నడక, "వెంటనే, వెంటనే" అంటూ తోసుకుపోతాడు. ఎక్కడ ఆపాలో కూడా చెప్తాను: 8వ అధ్యాయం 26వ వచనం దగ్గర. అక్కడ బేత్సయిదాలో ఒక గుడ్డివాడికి చూపు రెండు విడతలుగా వస్తుంది. మొదటిసారి చెయ్యి వెయ్యగానే మనుషులు చెట్లలా నడుస్తున్నట్టు మసకగా కనబడతారు, రెండోసారికి గానీ తేటపడదు. యేసు చేసిన స్వస్థతల్లో ఇలా విడతలుగా జరిగినట్టు రాసింది ఇదొక్కటే. ఆ వెంటనే శిష్యుడు పేతురు "నువ్వే క్రీస్తువి" అంటాడు, నాలుగు వచనాలు దాటేసరికి, తాను చావాల్సి ఉందని యేసు అంటే అడ్డం చెప్పి చీవాట్లు తింటాడు. వాడికీ సగమే కనబడింది మరి. మార్కు ఈ రెండింటినీ పక్కపక్కన ఊరికే పెట్టలేదు. సగం అర్థమయ్యి సగం మసగ్గా ఉన్నా కంగారుపడకని నీకు చెప్పడానికి నాకింతకన్నా మంచి చోటు దొరకదు.

ఏ బైబిల్ కొనాలన్నావు. వాడుక భాషలో వచ్చిన అనువాదం ఒకటి, మన చర్చిల్లో చదివే పాత తెలుగుది ఒకటి, రెండూ దగ్గర పెట్టుకో. కథ నడక కోసం మొదట వాడుక భాషది చదువు. తర్వాత పాతది. సుంకరి (పన్ను వసూలు చేసేవాడు), పరిసయ్యుడు (ధర్మశాస్త్రం విషయంలో పట్టుదలున్న యూదుడు), సమాజమందిరం (యూదుల ప్రార్థన మందిరం) లాంటి మాటలు మొదట్లో గొంతుకి అడ్డం పడతాయి గానీ, కీర్తనల్లో, ప్రసంగాల్లో వినబడేవి అవే. పైగా పాతదాని బిగింపు వేరు. అన్నట్టు, తెలుగులో సువార్తలు అచ్చెక్కిన కథ మన ఊరి నుంచే మొదలైందని నీకు తెలుసా? లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అని ఇద్దరు 1805లో విశాఖపట్నం వచ్చి, ఆనందరాయర్ అనే తెలుగు పండితుడి సాయంతో అనువాదం మొదలెట్టారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ అచ్చు చూడ్డానికి ఇద్దరూ లేరు, ఒకాయన 1809లో, ఇంకొకాయన 1810లో పోయారు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ కథల్లో ఆశ ఎక్కడుందో నాకు కనబడట్లేదన్నావు. నీకు కనబడకపోవడానికి ఒక కారణం ఉందని నా అనుమానం. మనవాళ్ళకి డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీసుకునే అలవాటు. చేతికొచ్చిన వచనాన్ని ఫ్రిజ్ మీద అంటించి, అది ఏడాది లోపల జరగాలని చూస్తారు. జనవరి, ఫిబ్రవరి బాగానే ఉంటుంది. జూన్ వచ్చేసరికి కార్డు అంచులు వంగిపోతాయి, మనిషి కూడా నీరసపడతాడు. ప్రతి క్యాలెండర్ మీదా ఉంటుంది చూడు, యిర్మీయా 29:11, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." దానికి సరిగ్గా పైనున్న 10వ వచనం ఎవరూ అచ్చు వెయ్యరు. బబులోనులో 70 ఏళ్ళు గడిచాక మిమ్మల్ని వెనక్కి తెస్తానని ఉంటుంది అందులో. బబులోనుకి చెరపట్టి తీసుకుపోయినవాళ్ళకి యిర్మీయా రాసిన ఉత్తరం అది. అందుకున్నవాళ్ళలో చాలామంది అక్కడే ముసలివాళ్ళై పోయుంటారు. వచనం అబద్ధం కాదు మావా, దాన్ని కథలోంచి కోసి తెచ్చుకోవడంతో వచ్చింది తంటా. సువార్తలకీ ఇదే వర్తిస్తుంది. అద్భుతం జరిగిన వాక్యం ఒక్కటే పట్టుకుంటే దాని ముందున్న ఆలస్యం జారిపోతుంది. మన బతుకు నడిచేదేమో ఆ ఆలస్యంలోనే.

మార్కు 5వ అధ్యాయం తీసుకో, 21 నుంచి 43 దాకా. ఈ ఇరవై మూడు వచనాలూ చాలా నెమ్మదిగా చదువు. యాయీరు అనే సమాజమందిరం అధికారి, ఊళ్ళో పరువున్న మనిషి, యేసు కాళ్ళ మీద పడి నా కూతురు చావుబతుకుల్లో ఉంది, వచ్చి చెయ్యి వెయ్యమంటాడు. ఆయన బయల్దేరతాడు. జనం తోసుకుంటున్నారు. దారిలో ఒకామె, పన్నెండేళ్ళుగా రక్తస్రావం, వెనకనుంచి వచ్చి వస్త్రం ముట్టుకుంటుంది. రక్తం ఆగిపోతుంది. అక్కడితో ఆయన ముందుకి సాగిపోవచ్చు. ఆగాడు. "నన్ను ముట్టుకున్నదెవరు?" అన్నాడు. శిష్యులకి చిరాకు, ఇంతమంది మీద పడుతుంటే ఇదేం ప్రశ్న అని. ఆయన కదలడు, చుట్టూ చూస్తూనే ఉంటాడు. ఆమె వణుకుతూ వచ్చి ఉన్నదంతా చెప్తుంది.

ఇప్పుడు ఆమెని వదిలి యాయీరు మొహం చూడు. ఆమె పన్నెండేళ్ళ కథంతా చెప్తోంది. వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా ఖర్చుపెట్టి, బాగవడం మాట అటుంచి ఇంకా ముదిరిందట. (లూకా ఇదే కథ రాసినప్పుడు వైద్యుల మీద ఈ చురక తీసేశాడు. అపొస్తలుడు పౌలు తన ఉత్తరంలో లూకాని వైద్యుడనే పిలిచాడు కదా, సాటివాళ్ళ మీద మాట పడనివ్వలేదేమోనని నా నవ్వు.) పన్నెండేళ్ళు ఆగినామె ఇంకో గంట ఆగలేదా? ఇంట్లో పిల్ల పోతోంది. ఆసుపత్రిలో స్ట్రెచర్ పక్కన నిలబడి, డాక్టరు పక్క మంచం దగ్గర కబుర్లు చెప్తుంటే చూసిన ఏ తండ్రినైనా అడుగు, యాయీరుకి ఎలా ఉండుంటుందో చెప్తాడు. ఆయన ఒక్క మాట అన్నట్టు మార్కు రాయలేదు. ఆ మాట్లాడకపోవడం దగ్గర ఒక నిమిషం కూర్చో.

ఇంతలో కబురొచ్చింది: పిల్ల పోయింది, ఇక బోధకుణ్ణి శ్రమ పెట్టకు. యేసు దాన్ని లెక్కచెయ్యకుండా, భయపడకు, నమ్మకం మాత్రం ఉంచు అంటాడు. ఎలా జరుగుతుందో వివరించడు, ఎందుకు ఆలస్యం చేశాడో చెప్పడు, తోడుగా నడుస్తాడంతే. ఇల్లు చేరాక పిల్ల చనిపోలేదు, నిద్రపోతోంది అంటే ఏడ్చేవాళ్ళు నవ్వారు. వాళ్ళందర్నీ బయటికి పంపి, తల్లినీ తండ్రినీ ముగ్గురు శిష్యుల్నీ తీసుకుని లోపలికెళ్ళి పిల్ల చెయ్యి పట్టుకుని "తలీతాకుమీ" అన్నాడు, అంటే చిన్నదానా, లే అని. లేచి నడిచింది. ఆ పిల్లకి పన్నెండేళ్ళు. అంటే వస్త్రం ముట్టుకున్న ఆమెకి జబ్బు మొదలైన ఏడాదే ఇక్కడ ఆ పిల్ల పుట్టింది. మార్కు ఈ లెక్క చెప్పకుండా రెండు పన్నెండులూ అక్కడ పడేసి పోతాడు. ఇక ఆఖరి వాక్యం నాకు అన్నిటికన్నా ఇష్టం: పిల్లకి ఏమైనా తినడానికి పెట్టమన్నాడు. అందరూ నోరు తెరుచుకుని చూస్తుంటే పిల్లకి ఆకలేస్తుందని తట్టింది ఆయనొక్కడికే.

ఇదే కథ మత్తయి 9లో చదువు, తేడా తెలుస్తుంది. అక్కడ యాయీరు వచ్చేసరికే పిల్ల పోయింది, కాబట్టి దారిలో ఆ నిరీక్షణ లేదు, మొత్తం కథ తొమ్మిది వచనాల్లో అయిపోతుంది. రెండిటినీ కలిపి ఒకే కథ చెయ్యాలని చూడకు. కలిపేస్తే ఇద్దరి రుచీ పోతుంది.

యాయీరు కథ దగ్గరే ఆపేస్తే మాత్రం నీకు ఇంకో రకం దెబ్బ తగులుతుంది, అన్నీ ఇలాగే తిరిగొస్తాయని అనుకుంటావు. పేజీ తిప్పు. 6వ అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను తల తెగింది. యేసుకి దారి వేసిన మనిషి, జైల్లోంచి "రాబోయేది నువ్వేనా, ఇంకొకరి కోసం చూడాలా?" అని మనుషుల్ని పంపి అడిగించాడు (అది మత్తయి 11లో ఉంది). జైలు తలుపులు తెరుచుకోలేదు. ఒకే పుస్తకంలో, ఒక్క అధ్యాయం తేడాలో, ఒక పిల్ల లేచింది, ఒక ప్రవక్త పోయాడు. ఈ రెండూ ఒకే చేత్తో పట్టుకోలేని ఆశ ఎన్నాళ్ళో నిలవదు. అందుకే మన ఊళ్ళో స్వస్థత సభల పోస్టర్లు చూసినప్పుడల్లా నాకు యోహాను గుర్తొస్తాడు. నమ్మకం చాలక బాగవలేదని రోగి మీదకే నెట్టేసేవాళ్ళు ఈ పేజీ చదవలేదు. ఇంకోటి, మీ నాన్నగారికి ఎవరైనా మందులు ఆపి ప్రార్థన చెయ్యమంటే వినకు. కుష్ఠరోగిని బాగుచేశాక కూడా వెళ్ళి యాజకుడికి చూపించుకో అన్నాడు యేసు (మార్కు 1:44), అంటే ఆ కాలానికి పరీక్ష చేయించుకుని నిర్ధారణ చేసుకోమనే. యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు దారిలో దెబ్బలు తిని పడున్నవాడి గాయాలకి నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, సత్రంలో డబ్బు కూడా కట్టాడు.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. మత్తయి 20 తియ్యి. మన ఊళ్ళో పొద్దున్నే ఏ జంక్షన్‌లో చూసినా అడ్డా కూలీలు కనబడతారు కదా, పార, తట్ట పెట్టుకుని. ఏడింటికి మేస్త్రీ వచ్చి గట్టివాళ్ళని ఏరుకుంటాడు, పది దాటితే మిగిలినవాళ్ళు టీ తాగి ఇంటిదారి పడతారు. ఆ కథ అచ్చంగా అదే అడ్డా. ద్రాక్షతోట యజమాని తెల్లారగట్ట వచ్చి రోజుకి ఒక దేనారానికి కొందర్ని మాట్లాడుకున్నాడు. దేనారం అంటే ఒక రోజు కూలి. మళ్ళీ తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి వచ్చాడు. ఆఖరికి సాయంత్రం అయిదింటికి కూడా వచ్చాడు. పని ఆగేది ఆరింటికి. "రోజంతా ఇక్కడ ఖాళీగా ఎందుకు నిలబడ్డారు?" అని అడిగితే వాళ్ళు చెప్పింది ఒకటే మాట: మమ్మల్ని ఎవరూ కూలికి పెట్టుకోలేదు.

వాళ్ళు అయిదింటి దాకా ఇంటికెళ్ళలేదు, చూశావా? వెళ్తే వట్టి చేతుల్తో వెళ్ళాలి. గంట పనికి లెక్క ప్రకారం వచ్చేది పన్నెండో వంతు, దాంతో పొయ్యి వెలగదు. యజమాని అందరికీ పూర్తి దేనారం ఇచ్చాడు, అదీ ఆఖరున వచ్చినవాళ్ళతో మొదలెట్టి, పొద్దున్నొచ్చినవాళ్ళు చూస్తుండగా. పొద్దు గుంకకముందే కూలి చేతిలో పెట్టాలని మోషే ధర్మశాస్త్రంలోనే ఉంది (ద్వితీయోపదేశకాండం 24:15), ఆ మేరకు చేసింది మామూలే. ఎంత ఇచ్చాడన్నది మాత్రం మామూలు కాదు. పొద్దున్నవాళ్ళు సణిగితే, నేను మంచివాణ్ణయితే నీకు కడుపుమంటా అన్నాడు. ప్రసంగాల్లో ఈ కథని చివరి నిమిషంలో మారినవాళ్ళకి పరలోకం అని చెప్పేసి దాటిపోతారు. అది తప్పని నేననను. కానీ పని దొరకని మనిషి ఖాళీగా ఉన్నందుకు వాణ్ణి పనికిమాలినవాడనకుండా, వాడింట్లో ఎంతమంది తినాలో లెక్కచూసిన యజమాని ఇందులో ఉన్నాడు. నువ్వు ఇంటర్వ్యూల నుంచి తిరిగొచ్చిన రోజున చదవాల్సిన కథ ఇది. "ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు" అని రాశావు చూడు, ఆ మాట వాళ్ళ నోట్లోంచి ఊడిపడినట్టుంది.

పేతురు గురించి రెండు ముక్కలు. మార్కు 14 చివర్లో ముమ్మారు యేసు ఎవరో నాకు తెలీదని బొంకి ఏడ్చాడు. ఆ తర్వాత 16:7లో, ఖాళీ సమాధి దగ్గర తెల్లటి అంగీ వేసుకున్న పడుచువాడు ఆడవాళ్ళతో "ఆయన శిష్యులతోనూ పేతురుతోనూ చెప్పండి" అంటాడు. ఆ పేరు మార్కు ఒక్కడే రాశాడు. శిష్యులంటే చాలదూ? విడిగా పేరు పిలవకపోతే ఆ మనిషి నేను కాదులే అని వెనకే ఉండిపోయేవాడు కాబోలు. ఆపైన యోహాను 18 పక్కన 21 పెట్టి చదువు. ప్రధాన యాజకుడి పెరట్లో నిప్పులు వేసి చలి కాచుకుంటూ బొంకాడు. 21లో ఒడ్డున మళ్ళీ నిప్పులు, వాటి మీద చేపలు, రొట్టె. మూడుసార్లు బొంకినవాణ్ణి యేసు మూడుసార్లు "నన్ను ప్రేమిస్తున్నావా?" అని అడిగాడు, పైగా ముందు టిఫిను పెట్టి తర్వాత అడిగాడు. రాత్రంతా వేటకెళ్ళి ఉత్త వలతో వచ్చినవాళ్ళకి ముందు అదే కావాలి కదా. జాలారిపేటలో ఎవరికి చెప్పినా ఈ అధ్యాయానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధంలో పడవలు కట్టేసుకుని కూర్చునేవాళ్ళకి ఖాళీ వల అంటే ఏంటో తెలుసు.

ఇలా చదవడానికి పద్ధతంటూ ఒకటి చెప్పమన్నావు. వారానికి ఒకే కథ, మూడుసార్లు, ఒక్కోసారి పది పదిహేను నిమిషాలు. మొదటిసారి పైకి చదువు, ఊరికే. రెండోసారి పెన్సిల్ పట్టుకుని ఎవరు ఎక్కడ ఆగాల్సి వచ్చిందో అక్కడ గీత పెట్టు. మూడోసారి కథలో పక్కన నిలబడ్డ మనిషి ఒకణ్ణి ఎంచుకుని వాడి వైపు నుంచి చూడు: యాయీరు, తప్పిపోయిన కుమారుడి కథలో పొలంలో ఉండిపోయిన పెద్దకొడుకు, అయిదింటి కూలి. ఎప్పుడూ నాయకుడి పక్కనే నిలబడితే ఏమీ దొరకదు. చదివాక వెంటనే "ఇందులో నాకు పాఠం ఏంటి?" అని అడక్కు. ఆ ప్రశ్న వెయ్యగానే కథ ముడుచుకుపోయి నీతివాక్యం అయిపోతుంది. ఒక రోజు ఆగితే అదే ఎక్కడో రోడ్డు మీద నీకు తగులుతుంది. రాత్రి నిద్రమత్తులో చదవకు, మార్కు పరుగు నీకు అందదు. చెల్లెమ్మకి ఓపికుంటే ఆమె చదువుతుంటే నువ్వు విను. మొదటి శతాబ్దంలో ఎక్కువమందికి ఇవి చెవుల్లోంచే చేరాయి.

మార్కు ఆఖర్లో ఒక చిక్కు వస్తుంది, ముందే చెప్తున్నా. 16:8 దగ్గర ఆడవాళ్ళు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పకుండా పారిపోతారు. నాలుగో శతాబ్దపు రెండు పాత ప్రతులు, సీనాయిది, వాటికన్‌ది, అక్కడే ఆగిపోతాయి. మన బైబిళ్ళలో ఉన్న 9 నుంచి 20 దాకా ఆ ప్రతుల్లో లేవు. కంగారుపడకు, ఎవరో దాచేసిన రహస్యమేమీ కాదు. మొదటిసారి 8 దగ్గరే ఆపి చూడు, భయం మీద ముగిసే సువార్త ఎలా ఉంటుందో తెలుస్తుంది.

మార్కు అయ్యాక లూకాకి వెళ్ళు. అక్కడ 24వ అధ్యాయం నీకోసమే రాసినట్టుంటుంది. యేసు చనిపోయాక ఇద్దరు శిష్యులు యెరూషలేం వదిలి ఎమ్మాయు అనే ఊరికి నడుస్తుంటారు, ఆమడ దూరం, అంటే మనకి ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా నడిచినంత, కాస్త అటూఇటూగా. పక్కన కలిసింది యేసేనని గుర్తుపట్టకుండా, యేసే మమ్మల్ని విడిపిస్తాడని ఆశపెట్టుకున్నాం అని చెప్పుకుంటారు, అయిపోయిన సంగతిలా. ఆయన మధ్యలో అడ్డుపడి నేనేనని చెప్పెయ్యడు. మొత్తం చెప్పనిస్తాడు. ఆ తర్వాతే మాట్లాడతాడు. నువ్వూ ఎవరికైనా నీ గోడు ఆ మాత్రం పూర్తిగా చెప్పుకో ముందు, నాకైనా సరే, ఈసారి ఉత్తరంలో రెండు లైన్లతో సరిపెట్టకు.

లూకా పూర్తయ్యాక ఫోన్ చెయ్యి, యోహాను గురించి అప్పుడు మాట్లాడుకుందాం. ఆ 11వ అధ్యాయం మాత్రం ముందే చదివెయ్యకు. స్నేహితుడు లాజరు జబ్బు కబురు విన్నాక కూడా యేసు రెండు రోజులు ఎందుకు ఉండిపోయాడో, ఆ తర్వాత సమాధి దగ్గర ఎందుకు ఏడ్చాడో, అది కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి. నాన్నగారికి నమస్కారాలు చెప్పు.

ఉంటా మరి,
నీ మావ